ఉప్పులేని వాటా

గిన్నెలమ్ముకునేవాడి గొంతు మెత్తగా ఉంటే గిన్నెలు కదలవు. నాది మెత్తని గొంతు కాదు. సంతలో నేను "సొట్టలేని సత్తు! పట్టు తప్పని పెనం!" అని ఒక్క కేక వేస్తే అవతలి వరసలో పందుల బేరం ఆగిపోయేది. పందులు కూడా తలెత్తి చూసేవి. మా ఆవిడ ఒటీలియా అంటూండేది, "అన్ని గిన్నెలకీ మూతలమ్ముతావు, నీ నోటికొకటి చేయించుకోవేమయ్యా?" అని.

ఆ మాట అనడం ఆమె మానేసిన ఏడాది, ఎండాకాలం పోయి అంజూరాలు పండే రోజుల సంగతి ఇది. అప్పటికింకా పెసెటాలే నడుస్తున్నాయి. నడవడం ఏమిటి, నా జేబులోంచి పరుగెత్తేవి.

మా అత్తగారి పేరు హెనెరోసా. ధారాళమైనది అని అర్థం. అగ్గిపుల్లని నిలువునా చీల్చి రెండుసార్లు వెలిగించే మనిషికి ఆ పేరు పెట్టినవాళ్ళు ఏమనుకుని పెట్టారో! నేను ఆ ఇంటికి ఇల్లరికపు అల్లుణ్ణి. ఇల్లూ ఇరుకే, అల్లుడూ ఇరుకే. అంత గట్టి మనిషి ఒక్క విషయంలో మాత్రం రోజూ దుబారా చేసేది. రాత్రికి కాల్దో పులుసు కాచుకుంటాం కదా, ఆకుకూరా, బంగాళాదుంపలూ, చిక్కుడు గింజలూ, వేలెడంత పంది కొవ్వూ వేసి. అది ఉడుకుతుండగా, ఉప్పు పడకముందే, ఒక గిన్నెడు తోడి బల్ల చివర గోడవారగా ఉన్న కుర్చీ ముందు పెట్టేది. కుండలో ఉప్పు ఆ తర్వాతే.

ఆ గిన్నె మా మామగారు అమాన్సియోది. ఒటీలియాకి ఏడేళ్ళప్పుడు ఆయన చేపలవేటకి వెళ్ళాడు, ఐర్లాండు అవతల గ్రాన్ సోల్ దాకా. పడవ పేరు బోవా నోవా. అంటే శుభవార్త. వెళ్ళాక దాని వార్తే లేదు.

"ఉప్పెందుకు వెయ్యవత్తా?" అని పెళ్ళైన కొత్తలో అడిగాను.

"సముద్రంలో ఉన్నవాడికి నేను ఉప్పు కొనిపెట్టాలా?" అంది.

నేను పగలబడి నవ్వాను. ఆవిడ నవ్వలేదు. కుర్చీ వైపు తిరిగి గిన్నె కొంచెం ముందుకి జరిపింది.

పారెయ్యడమనేది ఆ ఇంట్లో లేదు కాబట్టి పొద్దున్నే ఆ గిన్నె వెచ్చబెట్టి నాకు పోసేవాళ్ళు. అలా ఏళ్ళ తరబడి ఎన్నడూ చూడని మామగారి చప్పిడి పులుసు తిన్నాను. చప్పిడిదైనా చప్పుడు చెయ్యకుండా తిన్నాను.

మార్చిలో అత్తగారు పోయింది. పోయిన రోజు రాత్రి ఒటీలియా లేచి వంటింట్లోకి వెళ్ళి, ఉప్పు వెయ్యకముందు ఒక గిన్నె, ఉప్పు వేశాక ఒక గిన్నె తీసి, రెండు కుర్చీల ముందు రెండూ పెట్టింది. దుఃఖంలో ఉంది, పెట్టనీ అనుకున్నాను. ఈస్టరు వెళ్ళింది, కోతలు వెళ్ళాయి, రెండు గిన్నెలూ అలాగే ఉన్నాయి. మా బల్లకి కుర్చీలు నాలుగే. సంతనుంచి ఏ స్నేహితుడైనా నాతో వస్తే ఒటీలియా వాణ్ణి గుమ్మంలోనే నిలబెట్టి, "చోటు లేదండీ" అనేది. ఖాళీ కుర్చీలు చూసి వాడు నా మొహం చూసేవాడు. తర్వాత ఎవరూ రావడం మానేశారు.

నన్ను భయపెట్టింది కుర్చీలు కాదు. ఆమె తన గిన్నెలోంచి గరిటెడు తీసి వాళ్ళమ్మ గిన్నెలో కలిపేది. ఆగస్టుకల్లా లంగా జారిపోతుంటే నడుం దగ్గర పిన్నీసు పెట్టుకుంది. సెప్టెంబరుకి రెండో పిన్నీసు.

"తినవే," అన్నాను.

"అమ్మ చూస్తుండగా ఎలా తింటానయ్యా? ఆవిడకి తక్కువైంది."

"ఆవిడకి ఎప్పుడూ తక్కువేగా! బతికున్నప్పుడు కూడా మనం తినేదే ఎక్కువనిపించేది."

నవ్వలేదు. బల్ల కింద, అత్తగారు తొడుక్కునేలాంటి చెక్కబూటు నేలమీద ఈడ్చిన చప్పుడైంది. ఒటీలియా కాళ్ళకి గుడ్డ చెప్పులున్నాయి. నా బూట్లు గుమ్మం దగ్గర విప్పేశాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

మర్నాడు పొద్దున్నే ఒటీలియా చప్పిడి పులుసు నా ముందు పెట్టి, "అమ్మని తెయిషీదోకి తీసుకెళ్దాం," అంది.

తెయిషీదోలో కొండ అంచున సాన్ ఆంద్రెస్ చర్చి ఉంది. మా వైపు పుట్టినవాళ్ళు ఆ పునీతుణ్ణి ఒక్కసారైనా చూడాలి. బతికుండగా చూడనివాళ్ళు పోయాకైనా కప్పో, బల్లో, చీమో అయి ఆ దారంతా పాకి వెళ్ళాల్సిందే. ఆ పాకులాట తప్పించాలంటే అయినవాళ్ళు సమాధి దగ్గరికి వెళ్ళి పేరు పెట్టి పిలిచి, వెంటబెట్టుకుని, దారిలో తిండి పెట్టి, అక్కడ అప్పజెప్పి రావాలి. అత్తగారు ఎన్నడూ వెళ్ళలేదు. బస్సెక్కితే టికెట్టు ఖర్చు, నడిస్తే జోళ్ళు ఖర్చు.

"పోదాం," అన్నాను. ఆ ఏడు ప్లాస్టిక్ గిన్నెలు వచ్చిపడి, గిన్నెలమ్మేవాణ్ణి గిన్నె పట్టుకుని తిరిగేవాణ్ణయ్యేలా ఉన్నాను. సంతకి పోయి చేసేదేముంది?

"నడిచే పోదాం. ఏదీ కొనద్దు. అమ్మకి నచ్చదు."

"నడవాలంటే తినాలిగా."

"బాగానే తిందాం. ఇంట్లోది తీసుకెళ్దాం."

చిన్న చేపలు కూరి మొక్కజొన్న పిండితో ఎంపనాదా రొట్టె కాల్చింది, బండి చక్రమంత. జున్నుముద్ద ఒకటి కట్టింది. వేరే గుడ్డలో ఉప్పు లేకుండా ఉడికించిన బంగాళాదుంపలు కట్టింది. అవి ఎవరికో అడగలేదు. నేను నా సరుకులోంచి ఒక చిన్న పెనం, ఒక కొత్త గిన్నె తీసి వీపుకి కట్టుకున్నాను. పాత్ర లేనిదే యాత్రేమిటి?

శ్మశానంలో మా సమాధులు గోడలో గూళ్ళు. ఒటీలియా వాళ్ళమ్మ గూటికి మూసిన రాతిపలక మీద చెయ్యి పెట్టి, "అమ్మా, హెనెరోసా, తెయిషీదోకి పోతున్నాం. రా," అంది. కాసేపు ఏ జవాబూ లేనట్టు నిలబడింది.

నేను వంగి పలకకి చెప్పాను, "తిండి మాదే అత్తా. నీకు ఖర్చేం లేదు."

ఒటీలియా చటుక్కున చెయ్యి తీసేసింది. "వచ్చింది," అంది.

పక్క గూటి మీద అమాన్సియో అని చెక్కి ఉంది. లోపల ఏమీ లేదు. ఒటీలియా ఆ పలక ముందు ఆగింది గానీ చెయ్యి పెట్టలేదు.

"నాన్నని పిలవ్వా?"

"ఇక్కడ లేడుగా. లేనిచోట నిలబడి ఎవర్ని పిలవను?"

దారిలో ఒటీలియా ఎప్పుడూ తన కుడిపక్క ఒక మనిషి పట్టేంత చోటు వదిలి నడిచేది. పొలాల గేటు తీస్తే తను దాటాక కూడా పట్టుకుని నిలబడేది, వెనక ముసలావిడ వస్తున్నట్టు. నేను గేటుకి అటూ ఇటూ కాకుండా నిలబడి, "అత్తా, త్వరగా రా, చెయ్యి లాగేస్తోంది మీ అమ్మాయికి," అనేవాణ్ణి. నేను వేళాకోళానికే అన్నాను. కానీ గేటు వేసేటప్పుడు ఎవరూ లేరని చూసుకుని మరీ వేసేవాణ్ణి.

మెడ మీద దోమ కుడితే కొట్టబోయాను. ఒటీలియా నా చెయ్యి పట్టేసుకుంది.

"ఆగు! అమ్మేమో!"

"మీ అమ్మ నన్ను కుట్టడం కొత్తేం కాదు, వదులు."

"దారిలో దేన్నీ చంపకూడదని తెలీదూ? నీ అమ్మనైతే ఇలాగే కొడతావా?"

దోమ నింపాదిగా తాగి వెళ్ళింది. ఆ తర్వాత మట్టిరోడ్డు మధ్య కప్ప కూర్చుంటే, ఒటీలియా దాని ముందు నిలబడి మొక్కజొన్న ట్రాక్టరు ఆపించింది. ట్రాక్టరు వాడు తిట్టలేదు. టోపీ తీసి, కప్ప గట్టు దాటేదాకా ఆగి, "తెయిషీదోకా? ఎవరిని?" అని అడిగాడు.

"మా అమ్మని."

"నేను మా బావని తీసుకెళ్ళాను. దారంతా చుట్ట అడిగాడు వెధవ," అని బండి పోనిచ్చాడు.

చెస్ట్‌నట్ చెట్ల కింద మొదటిసారి తినడానికి కూర్చున్నాం. ఒటీలియా గుడ్డ పరిచి, ఎంపనాదా కోసి, నాకొకటి, వాళ్ళమ్మకొకటి, తనకి అన్నిటికన్నా చిన్నదొకటి పెట్టింది. నాలుగో వైపు చప్పిడి దుంపలు పెట్టింది. ఎంపనాదా అద్భుతంగా ఉంది. చేప నూనె మొక్కజొన్న పిండిలో ఇంకి, కొరికితే వేళ్ళ సందుల్లోంచి కారింది. పక్కింటి గోడ మీంచి వాలిన అంజూరాలు ఆ ఇంటావిడే రమ్మని కోసుకోమంది. కోసుకుని జున్నుతో తిన్నాం. ఒక్క పెసెటా ఖర్చు కాలేదు. నడిస్తే చెప్పులూ అరుగుతాయి, తిన్నదీ అరుగుతుంది. నాకు రెండూ అరిగిపోయాయి, ఒటీలియా ముక్క సగం అలాగే ఉంది.

"అది నాకివ్వకపోతే పోనీ, నువ్వైనా తిను."

"అమ్మ తిన్నాక."

పోయినవాళ్ళ వాటా తర్వాత ఎదురైన మొదటి మనిషికివ్వాలి. మొక్కజొన్న కోస్తున్న ముసలాయన టోపీ తీసి అత్తగారి ముక్క అందుకుని, "దేవుడు ఆవిడకి దారి చూపాలి," అని అక్కడే నిలబడి తినేశాడు. చప్పిడి దుంపలు కూడా ఇవ్వబోయాను.

"అది ఇవ్వకూడదు," అంది ఒటీలియా. "నాన్న రాలేదు. రానివాడి వాటా ఎవరికిస్తాం?"

మళ్ళీ మూట కట్టి నా వీపుకి తగిలించింది. పిడికెడు దుంపలు. పొద్దు వాలేసరికి అవి దుంపల్లా లేవు, దుంగల్లా ఉన్నాయి.

దారిలో ఒక ఊళ్ళో సంత జరుగుతోంది. రాగి డేగిసాల్లో ఆక్టోపస్ ఉడుకుతున్న వాసన. చెక్క పళ్ళెంలో ముక్కలు కత్తిరించి, నూనె పోసి, ఎర్ర కారం చల్లుతున్నారు. నా కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి.

"ఒక్క పళ్ళెం. ఇద్దరికీ."

ఒటీలియా కుడిపక్కకి చూసి, "అమ్మ ఆగలేదు. ముందుకి పోయింది. నడువు," అంది.

"మీ అమ్మకి ఇప్పుడు ముక్కు లేదు. నాకుందిగా!"

నడిచాను. ఊరు దాటాక వాగు ఒడ్డున నా పెనం మీద నూనెలో పచ్చిమిరపకాయలు వేయించి, ఉప్పురాళ్ళు చల్లి పెట్టింది. మా మిరపకాయల్లో ఏది కారమో ఏది కమ్మనో కొరికితేగానీ తెలీదు. నాకన్నీ కమ్మనివే వచ్చాయి. ఒటీలియా ఒక్కటే తింది, అది కారంది. కళ్ళనీళ్ళు తుడుచుకుంది. కారానికే అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం నుంచి ఆమె నడక మారింది. ప్రతి మలుపులో ఆగి వెనక్కి చూస్తోంది. కుడిపక్క వదిలిన చోటు వెనకవైపుకి జరిగింది.

"ఏమైంది?"

"వెనకబడుతోంది. రావడానికి ఇష్టం లేనట్టుంది."

"జోళ్ళు అరుగుతాయనేమో."

ఆ మాట అంటుండగానే యూకలిప్టస్ తోపులో మా వెనక, ఎండిన ఆకుల మీద, చెక్కబూటు ఈడ్చిన చప్పుడు. ఒకసారి. ఆగి, ఇంకోసారి. మా ఇద్దరి అడుగుల చప్పుడూ ఆగినా అది ఇంకొక్క అడుగు వేసి ఆగింది.

వాన పట్టుకుంటే దారి పక్క దోసిందా అనే ఆవిడ తాగుడంగడిలో దూరాం. దూరాభారం నడిచొచ్చేవాళ్ళకి పులుసు పోస్తుందని పేరు. అరవై దాటిన లావుపాటి మనిషి, చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి.

"డబ్బులు తక్కువ తల్లీ," అన్నాను, "కానీ ఈ గిన్నె చూడు. సొట్ట లేదు, సందు లేదు. గిన్నె ఇస్తా, గిన్నెడు పొయ్యి."

"గిన్నెడెందుకు, కుండెడు తాగండి," అని గిన్నె గోళ్ళతో వాయించి చూసుకుని అలమారలో పెట్టుకుంది. "ఇద్దరికేనా?"

"నలుగురికి," అంది ఒటీలియా. "ఒకటి ఉప్పు పడకముందు తీసివ్వండి."

"అయ్యో, పొద్దున్నే పడిపోయిందమ్మా ఉప్పు."

ఒటీలియా మూట విప్పి దుంపలు నాలుగో చోట పెట్టింది. దోసిందా అవి చూసింది. మూడు గిన్నెలూ పోసి, చేతులు తుడుచుకుని, మా బల్ల పక్కనే కూర్చుంది. కానీ కుర్చీ ఖాళీగా ఉందా అని ముందు ఒటీలియాని అడిగే కూర్చుంది.

"ఎవరెవర్ని తీసుకెళ్తున్నారు?"

"అమ్మని. నాన్న సముద్రంలో పోయాడు."

"అమ్మ వచ్చిందా?"

"వచ్చింది. మధ్యాహ్నం నుంచీ ఆగిపోతోంది."

"ఆగదూ మరి? ఆయన్ని పిలిచారా?"

"సమాధి లేదండీ. గూడు ఖాళీ. ఎక్కడినుంచి పిలవను?"

"ఎక్కడినుంచైనా సరే, నీ ఇష్టం. మా మేనత్తకీ ఇలాగే అయింది. చర్చి గుమ్మం దాకా వెళ్ళి లోపల అడుగు పెట్టలేదు. మొగుడు యుద్ధంలో ఎక్కడో పోయాడు, పిలిచేవాళ్ళు లేరు. మళ్ళీ మాతోపాటే ఇంటికొచ్చేసింది." దోసిందా పొయ్యి పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు తలాడించింది. "ఇంకా మా ఇంట్లోనే ఉంది. మా అక్క పోయేదాకా ఆవిడ కంచంలో వడ్డిస్తూనే ఉంది."

"తర్వాత?" అన్నాను.

"తర్వాత నేను వడ్డిస్తున్నా."

ఆ పులుసు ఎంత బాగుందో చెప్పలేను. పొగబెట్టిన పంది చెవి ముక్క కూడా పడింది నా గిన్నెలో. అయినా సగంలోనే ఆపేశాను. బల్లకి అటువైపు ఒటీలియా గరిటె ఎత్తి, తన గిన్నెలోంచి వాళ్ళమ్మ గిన్నెలోకి పోస్తోంది. మణికట్టు ఎముక నా బొటనవేలంత బయటికొచ్చి ఉంది. దోసిందా అది చూసి నా వైపు చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

పొద్దున్నే కొండెక్కుతుంటే పొగమంచు. ముందు నడిచే ఒటీలియా వీపు, మూడడుగుల తర్వాత ఏమీ లేదు. కింద ఎక్కడో సముద్రం రొద. పైన గడ్డిలో తిరిగే కొండ గుర్రాలు మంచులోంచి తల ఒకటి, తోక ఒకటి కనిపించి పోతున్నాయి. చర్చి ఇంకో మలుపు అవతల ఉందనగా దారి పక్క రాళ్ళగుట్ట వచ్చింది. తెయిషీదోకి పోయే ప్రతివాడూ ఒక రాయి వేసి పోయే గుట్ట. ఒటీలియా రాయి తీసుకుంది, వెయ్యలేదు. అక్కడే నిలబడిపోయింది.

"రానంటోంది," అంది.

"ఒక్క మలుపేగా."

"కూర్చుండిపోయింది. నన్ను చూడట్లేదు కూడా. సముద్రం వైపు చూస్తోంది." రాయి కింద పడేసింది. "వెనక్కి పోదాం. ఇంటికే పోదాం. ఉండనీ. నేను పెడతాను, ఇన్నాళ్ళూ అమ్మ పెట్టలేదూ?"

తల తిప్పి గాలివైపు నిలబడితే లంగా పిన్నీసులు రెండూ కనిపించాయి. రెండింటి మధ్య మూడోది పెట్టింది. ఎప్పుడు పెట్టిందో నాకు తెలీదు. నాకప్పుడు దోసిందా చూపించిన మేనత్త కుర్చీ గుర్తొచ్చింది. ఒటీలియా కుర్చీ కూడా అలా ఖాళీ అయితే ఆ మూడు గిన్నెలూ పెట్టేది నేనే.

"పోదాం అంటే కదలవేం?" అంది.

"పిలువు మీ నాన్నని."

"నా గొంతు అంత దూరం పోదు." నా వైపు చూడకుండా, "నీది పోతుంది," అంది.

"ఎంత దూరం?"

"ఐర్లాండు అవతలకి."

వేరే రోజైతే ఈ మాటకి పది జవాబులు చెప్పేవాణ్ణి. కొండ అంచుకి నడిచాను. కింద ఏమీ లేదు, తెల్లగా ఉంది అంతే.

సంతలో పిలవడానికొక పద్ధతుంది. గుంపుకి అరిస్తే గాలికి పోతుంది. అందరికన్నా వెనక, కొనకుండా వెళ్ళిపోబోతున్నవాణ్ణి ఒకణ్ణి చూసుకుని, వాడితో మాత్రమే చెప్పాలి. వాడాగితే అందరూ ఆగుతారు. నేను ఆ తెలుపులో ఒకణ్ణి వెతుక్కున్నాను. మా మామగారి ఫొటో కూడా ఎప్పుడూ చూడలేదు. నాకు తెలిసిందల్లా ఆయన గిన్నె. ఆ చప్పిడి రుచి నోట్లోకి తెచ్చుకుని, ఎక్కడో చివర వెళ్ళిపోబోతున్నవాడికి చెప్పినట్టు కేకేశాను.

"అమాన్సియో! బోవా నోవా అమాన్సియో! మామా, నేను నీ అల్లుణ్ణి. దెల్మీరోని. నన్ను నువ్వెరగవు. పొద్దున్నే నీ గిన్నె తినేది నేనే. హెనెరోసా ఇక్కడ కూర్చుని ఉంది. ఒటీలియా వచ్చింది, పెద్దదయింది. తిండి పెట్టారు. రా!"

గుర్రాలు తలెత్తాయి. నా గొంతు ఎటు పోయిందో తిరిగి రాలేదు. మామూలుగా కొండల్లో తిరిగొస్తుంది. నేను కాసేపు దానికోసమే నిలబడ్డాను. చెవుల్లో సముద్రం రొద తప్ప ఏమీ లేదు. వెనక్కొచ్చేసరికి బట్టలన్నీ తడిసి ఒంటికి అంటుకున్నాయి.

ఒటీలియా గుట్ట పక్కన గుడ్డ పరిచింది. ఆఖరి ఎంపనాదా ముక్కలు మూడు, నాలుగో వైపు దుంపలు. ఇద్దరం చెరోవైపు కూర్చున్నాం. మంచు మా ముందునుంచి పోతోంది, గుడ్డ మీదుగా, ముక్కల మీదుగా. ఎంతసేపో కూర్చున్నాం. ఒకసారి గుడ్డ అంచు నేలకి అంటుకుంది, ఎవరో పక్కన చతికిలబడితే నొక్కుకున్నట్టు. తడికి అంటుకుని ఉంటుంది.

"ఇక ఎవరికివ్వాలి?" అన్నాను. "ఇక్కడ మనిషి లేడు."

"ఆయనకి ముందెదురైంది మనమేగా," అంది ఒటీలియా.

దుంప తీసుకుని కొరికింది. నములుతూ ఆగిపోయింది. నేను లేవబోయాను. చెయ్యెత్తి వద్దంది. మింగి, ఇంకో ముక్క కొరికింది.

"ఉప్పు సరిపోయింది," అంది.

నేనొక దుంప తీసుకుని నాలిక ఆనించాను. ఉప్పగా ఉంది. సముద్రం మీంచొచ్చే మంచు ఉప్పగానే ఉంటుంది అనుకుని, సరిచూద్దామని నా ముక్క కూడా నాకాను. దాన్లో ఉప్పు ముందే ఉంది, ఏం తెలుస్తుంది? ఒటీలియా మిగిలిన దుంపలన్నీ తినేసింది. పొట్టు కూడా వదల్లేదు. తర్వాత వాళ్ళమ్మ ముక్క తినేసింది. లేచి, పడేసిన రాయి వెతికి తీసి, గుట్ట మీద వేసింది. ఇంకో రాయి తీసి నాకిచ్చింది.

మలుపు తిరిగేటప్పుడు ఆమె రెండు పక్కలా చోటు వదిలి నడిచింది. నేను దారి అంచున, దాదాపు ముళ్ళపొదల్లో నడిచాను. చర్చి గుమ్మం చిన్నది. పక్కకి తప్పుకుని, ముందు ఇద్దర్ని పోనిచ్చినట్టు ఆగి, అప్పుడు లోపలికెళ్ళింది. సాన్ ఆంద్రెస్ ముందు నిలబడి ఏం చెప్పిందో వినలేదు. బయటికొచ్చాక ఊట దగ్గర రొట్టె ముక్క నీళ్ళలో వేశాం. మునిగితే కోరిక తీరదు. తేలింది. నేనేం కోరుకున్నానో ఆమె అడగలేదు, ఆమెదేమిటో నేనడగలేదు.

తిరుగు బస్సులో డ్రైవరు తెయిషీదో నుంచి ఎక్కేవాళ్ళందర్నీ అడిగినట్టే అడిగాడు, "ఎంతమంది?"

ఒటీలియా నా వైపు చూసింది.

"ఇద్దరం," అన్నాను.

నా గొంతేనా అది! పక్క సీటు వాడికి కూడా వినపడి ఉండదు. ఒటీలియా పక్కన ఒక సీటు ఖాళీగా ఉంది. ఆమె సంచి తీసి దానిమీద పెట్టింది. మార్చి తర్వాత ఖాళీ సీటు మీద ఆమె ఏదైనా పెట్టడం అదే మొదలు. కాసేపటికి సంచిలోంచి జున్ను తీసి తినడం మొదలుపెట్టింది. మొత్తం తింది. నాకు చివరి ముక్క కూడా మిగల్చలేదు. నేను అడగలేదు.

ఇంటికొచ్చేసరికి చీకటి పడుతోంది. కాల్దో పొయ్యి మీద పెట్టింది. నేను కుర్చీలో కూర్చుని చూస్తున్నాను. అలవాటుగా గరిటె తీసుకుని, గిన్నె అందుకుని, కుండ మీద వంగింది. వంగి ఆగింది. గిన్నె పక్కన పెట్టేసింది. ఉప్పు డబ్బాలోంచి గుప్పెడు తీసి మొత్తం కుండలో ఒక్కసారే వేసి కలిపింది.

రెండు గిన్నెలే పెట్టింది. రెండోసారి వడ్డించుకుంది. మర్నాడు పొద్దున్న నాకు ఉప్పున్న పులుసు వచ్చింది. మొదటి గుక్కకే నాలిక చురుక్కుమంది.

"బాలేదా?" అంది.

"ఉప్పు ఎక్కువైందేమో."

"అందరూ తినేదే అంత. గిన్నెలన్నిటికీ మూతలమ్ముతావు, నీ నోటికొకటి చేయించుకోవయ్యా," అంది.

మూత పెట్టుకుని తిన్నాను. గోడవార కుర్చీ కదల్లేదు, బల్ల కింద ఏ చప్పుడూ లేదు. ఇప్పటికీ లేదు. నేను మాత్రం గరిటె కుండకి తగిలిన ప్రతిసారీ తినడం ఆపి చెవి అటు పెడతాను.